దూర ప్రయాణాలకు బండి సీటు: మెత్తనిదే మంచిదా?



నడుము నొప్పితోనో, పిరుదుల మీద సెగగడ్డతోనో, తొడల మధ్య ఒరుపుతోనో మా ఓ.పి.కి వచ్చేవారిని మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "రోజుకు బండి మీద ఎంత దూరం తిరుగుతారు?" ఆదివారం రెండు మూడు గ్రామాలలో ఆరాధన నడిపించే కాపరులు, రొయ్యల చెరువులకు మేతలు, మందులు చెప్పే కంపెనీ కుర్రవాళ్ళు, తెల్లవారక ముందే చేపల పెట్టె కట్టుకుని బయలుదేరేవారు, అందరిదీ ఒకటే జవాబు. వంద కిలోమీటర్లు వారికి లెక్కలోనిది కాదు. అమలాపురం నుండి రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళి రావడమే నూట ఇరవై దాటుతుంది. పూర్వం ఈ డెల్టాలో సువార్తికులు కాలువలలో పడవల మీద తిరిగేవారు. పడవలో కాళ్ళు చాపుకోవచ్చు, ఒక కునుకు తీయవచ్చు. బండి మీద ఆ వీలు లేదు, కూర్చున్న చోటే కూర్చోవాలి.

నొప్పి మొదలైతే అందరూ చేసే పని ఒకటే. సీటు కవర్ల షాపుకు వెళ్ళి, "ఇంకో రెండంగుళాలు స్పాంజి వేసి మెత్తగా చెయ్యి" అంటారు. వారం రోజులు హాయిగా ఉంటుంది. నెల తిరిగేసరికి నొప్పి మళ్ళీ వస్తుంది, కొందరికి ముందుకంటే ఎక్కువగా వస్తుంది. ఎందుకో మా వార్డులోని మంచాలు చూపించి చెప్పగలము.

మనిషి కూర్చున్నప్పుడు బరువులో ఎక్కువ భాగం పిరుదుల లోపల ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. గట్టి బల్ల మీద కూర్చుని చేతులు కింద పెట్టి చూడండి, రెండు గట్టి ముడులు తగులుతాయి. ఆ ఎముకకూ సీటుకూ మధ్య నలిగే చర్మంలో, కండలో సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. కాసేపైతే ఫరవాలేదు, లేచి నిలబడగానే రక్తం తిరిగి పారుతుంది. గంటల తరబడి అలాగే ఉంటే కండ దెబ్బతింటుంది. మంచం పట్టిన రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని మేము బంధువులను పోరేది ఇందుకే. పడక పుండు పుట్టేది ఇలాగే.

ఇక మెత్తదనం సంగతి. పరుపు మరీ మెత్తనిదైతే రోగి బరువుకు అది పూర్తిగా అణిగిపోయి, ఎముక కింది చెక్కకే తగులుతుంది. అందుకే నర్సులు పరుపు కింద అరచెయ్యి పెట్టి చూస్తారు. చేతికీ రోగి ఒంటికీ మధ్య కనీసం అంగుళం మందం మిగలకపోతే ఆ పరుపు ఉన్నా లేనట్లే. బండి సీటుకూ ఇదే పరీక్ష. సీటు మధ్యలో మోకాలు పెట్టి ఒంటి బరువంతా మోపండి. అడుగున ఉండే ప్లాస్టిక్ లేక రేకు పళ్ళెం మోకాలికి తగిలితే ఆ స్పాంజి పని అయిపోయినట్లే, పైన ఎన్ని కవర్లు మార్చినా ప్రయోజనం లేదు. షోరూములో వేలితో నొక్కి మెత్తగా ఉన్నదని సంతోషించడంలో అర్థం లేదు. అక్కడ కూర్చునేది రెండు నిమిషాలే కదా.

కాబట్టి షాపువానిని అడగవలసినది మెత్తదనం కాదు, బరువు పరచుకునే వెడల్పు. మీ ఎముకల మధ్య దూరం ఇంట్లోనే కొలవవచ్చు. పండ్ల అట్టపెట్టె అడుగు కోసి, గట్టి బల్ల మీద పరచి, పలుచని బట్టలతో దాని మీద కూర్చుని కొంచెం ముందుకు వంగండి. లేచి చూస్తే రెండు గుంటలు కనబడతాయి. వాటి నడిమధ్యల దూరం చాలామందికి 10 నుండి 14 సెంటీమీటర్లు ఉంటుంది, స్త్రీలకు సాధారణంగా కొంచెం ఎక్కువ. సీటు మీద మీరు నిజంగా కూర్చునే చోట ఆ రెండు గుంటలూ పూర్తిగా సీటు పైన ఉండి, రెండు వైపులా ఇంకా కొంత చోటు మిగలాలి. ఎముకలు అంచుల మీదకు జారితే బరువంతా మధ్యలోని మెత్తటి భాగం మీద పడుతుంది. మగవారికి వచ్చే తిమ్మిరికి ఇదే ముఖ్య కారణం. ముందు భాగం మాత్రం సన్నగా ఉండాలి, లేకపోతే సిగ్నల్ దగ్గర కాలు నేలకు అందదు. పొట్టివారు సీటు ఎత్తు పెంచే పని పెట్టుకోవద్దు. మడమ ఆనకపోయినా పాదం ముందు భాగమైనా రెండు వైపులా గట్టిగా ఆనాలి.

తరువాత చూడవలసినది వాలు. చాలా బండ్లకు సీటు ట్యాంకు వైపు వాలి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా మనిషి ముందుకు జారతాడు, చేతులతో తోసుకుని వెనక్కు వస్తాడు. రోజుకు వందసార్లు అలా చేస్తే సాయంత్రానికి మణికట్లు, భుజాలు, నడుము అన్నీ పట్టేస్తాయి. ముందు వైపు కొద్దిగా స్పాంజి అతికించి కూర్చునే చోటును సమతలం చేస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు.

స్పాంజి విషయంలో షాపులవారు "32 డెన్సిటీ, 40 డెన్సిటీ" అని చెబుతారు. అది ఎంత బరువైన సరుకో చెప్పే అంకె. అంకె ఎక్కువైతే సాధారణంగా తొందరగా అణిగిపోదు, అంతేగాని గట్టిదని అర్థం కాదు. అడుగున గట్టిది, పైన పలుచగా కొంచెం మెత్తనిది, ఇలా రెండు పొరలు వేయించుకోవడం మా అభిప్రాయంలో మంచిది. మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడే సరుకు. మే నెల ఎండలో నిలబెట్టిన బండి సీటులో అది ముద్దలా అణిగిపోతుంది. జెల్ షీటు బరువును బాగా పరుస్తుంది గాని, ఎండ వేడిని పట్టుకుని చాలాసేపు వదలదు. నీడన బండి పెట్టుకునే వీలున్నవారు వేయించుకోవచ్చు. మధ్యలో గుండ్రని రంధ్రం ఉన్న గాలి దిండు మీద కూర్చుంటే హాయి అని కొందరు కొంటారు. ఆ రింగు చుట్టూ ఉన్న చర్మానికి రక్తం అందనివ్వదు. పడక పుండ్ల రోగులకు దానిని వాడవద్దనే ఇప్పుడు చెబుతున్నారు, బండి మీద అసలే వద్దు.

పై రెగ్జిన్ నున్నగా మెరవాలని కోరుకోకండి. జారుతుంది, చెమట పీల్చదు. ఎముకలు ఆనే చోట కుట్టు రాకుండా కుట్టమనండి. మన దగ్గర వానాకాలంలో కుట్టు రంధ్రాల నుండి నీరు దిగి స్పాంజి రోజుల తరబడి తడిగా ఉంటుంది, కాబట్టి కవరు కింద ప్లాస్టిక్ షీటు తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యం, కవరు పిన్నులు కొట్టక ముందే స్పాంజి మీద పది పదిహేను నిమిషాలు కూర్చుని చూసి, అవసరమైన చోట చెక్కించండి. మంచి పనివాడు దీనికి విసుక్కోడు. కొత్త సీటు వేయించిన మరునాడే విజయవాడ ప్రయాణం పెట్టుకోకండి. వారం రోజులు ఊళ్ళో తిరిగి చూసుకోండి.

నడుము నొప్పి ఉన్నవారు సీటు మీద డబ్బు పెట్టే ముందు వెనుక షాకబ్జార్లు చూపించుకోవాలి. కూర్చున్న మనిషి నడుమును ఎక్కువగా బాధించేది సెకనుకు 4 నుండి 8 సార్లు పైకీ కిందికీ ఊగే ఊపు. గతుకుల రోడ్డు మీద అరిగిన షాకబ్జారు, మరీ ఎక్కువ గాలి కొట్టిన టైరు కలిస్తే ఏ స్పాంజీ కాపాడలేదు.

వెనుక కూర్చునే అమ్మగారిని షాపులో ఎవరూ అడగరు. చీరతో ఒక పక్కకు కూర్చున్నవారికి నడుము మెలితిరిగి, బరువు పూర్తిగా సీటు అంచు మీద పడుతుంది. ముందు సీటు అందంగా మలచి వెనుక భాగాన్ని సన్నగా, ఎత్తుగా చేయించేవారు ఒకసారి తామే అక్కడ పక్కకు కూర్చుని రావులపాలెం వరకు వెళ్ళి చూడాలి. వెనుకవారికి పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే మెట్టు, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలో 123వ నియమం చెబుతున్నది. స్టైలు కోసం వాటిని తీయించకండి.

ఎంత మంచి సీటైనా గంటకొకసారి దిగి ఐదు నిమిషాలు నడవడానికి సాటి రాదు. "బండి మీద తిరిగి వేడి చేసింది" అని సబ్జా గింజలు తాగేవారికి మేము చెప్పేది, ఆ మంట చాలావరకు దాహాన్ని, మూత్రాన్ని గంటల తరబడి ఆపుకోవడం వల్లనే. సబ్జా తాగండి, నీళ్ళు కూడా తాగండి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గతుకుల్లో జీపులు నడిపిన అమెరికా సైనికులకు వెన్ను చివర, పిరుదుల చీలికలో చీముగడ్డలు విపరీతంగా వచ్చాయి. 1944లో ఒక డాక్టరు దీనికి "జీపు రోగము" అనే పేరు పెట్టి వ్రాశారు. ఇప్పుడు పైలోనైడల్ సైనస్ అంటున్నాము. వెంట్రుకలు చర్మంలోకి దిగి, చెమట, ఒరుపు, కుదుపు తోడై వచ్చేది ఇది. కుర్రవాళ్ళు సిగ్గుపడి దాచుకుంటారు. గడ్డ మళ్ళీ మళ్ళీ అదే చోట చీము పడుతుంటే సర్జన్‌కు చూపించాలి. అలాగే తొడల మధ్య తామరకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గుతుంది, తరువాత తామర రెట్టింపు వ్యాపిస్తుంది.

ఒక లక్షణం విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. బండి దిగి చాలాసేపైనా, జీను తగిలే భాగమంతా మొద్దుబారి ఉండటం, మూత్రం రాకపోవడం లేక తెలియకుండా పోవడం, కాళ్ళలో బలం తగ్గడం సీటు వల్ల వచ్చేవి కావు. వెన్నులో నరాల కట్ట నలుగుతున్నదని అనుమానించాలి. అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి రావాలి.

ఇంతవరకు చెప్పినది నొప్పి తెలిసేవారికి. నొప్పి తెలియనివారి మాట వేరు. కొబ్బరిచెట్టు మీద నుండి పడి వెన్నుపూస దెబ్బతిని, పక్క చక్రాల స్కూటరు మీద తిరిగే సోదరులు మన డెల్టాలో ఉన్నారు. వారి ఉపాధి ఆ స్కూటరే. నడుము కింద స్పర్శ లేదు గనుక సీటు కొరుకుతున్నా తెలియదు. చర్మం పైన రూపాయంత మచ్చ కనబడే నాటికి లోపల ఎముక దాకా కుళ్ళి ఉండవచ్చు. మానడానికి నెలలు పడుతుంది, ప్రాణం మీదకు కూడా వస్తుంది. వీరు చక్రాల కుర్చీకి ఇచ్చే మంచి కుషనునే డాక్టరు సలహాతో స్కూటరు మీద కూడా వాడాలి. జారిపోకుండా బెల్టుతో బిగించాలి. పదిహేను ఇరవై నిమిషాలకొకసారి బండి ఆపి, చేతుల మీద ఒంటిని లేపాలి, లేదా ముందుకూ పక్కలకూ వంగి రెండు నిమిషాలు బరువు తప్పించాలి. వెనుక జేబులో పర్సు, తాళాలు, సెల్ ఫోను ఉండకూడదు. రాత్రి పడుకునే ముందు ఇంట్లోవారు చూడాలి, లేదా అద్దం పెట్టి చూసుకోవాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడకపోయినా, అరగంటకు ఎరుపు పోకపోయినా మరునాడు బండి ఎక్కకూడదు. షుగరు చాలాకాలంగా ఉండి స్పర్శ తగ్గినవారు, కుష్ఠు వల్ల చేతులు, పాదాలు మొద్దుబారినవారు కూడా కూర్చునే చోటుతో పాటు వాటిని కూడా ఇలాగే రోజూ చూసుకోవాలి. సైలెన్సరు తగిలి పాదం కాలినా వారికి తెలియదు.

పుండు అప్పటికే పడినవారు డ్రెస్సింగుకు ఆ స్కూటరు మీద రాకండి. ఆటోలో వెనుక సీటంతా తీసుకుని పక్కకు పడుకుని రండి, కుషను కూడా వెంట తెండి. డ్రెస్సింగు గదిలో సిస్టరు దాని కింద చెయ్యి పెట్టి చూసి, అది ఇంకా పనికొస్తుందో లేదో చెబుతారు.