తొండుపల్లి దారిన వచ్చిన జ్వరములు

బెంగుళూరు రహదారి మీద, శంషాబాదునకు చేరువనున్న తొండుపల్లిలో నిలుచున్నవానికి రెండు విధములైన రాకపోకలు ఒక్కసారిగా కనబడును. తల యెత్తినచో గల్ఫు దేశములనుండియు, ఐరోపానుండియు వచ్చి దిగుచున్న విమానములు. తల దించినచో రాత్రియెల్ల ప్రయాణము చేసి తెల్లవారుజామున నగరము చేరు బస్సులు. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ఇచ్చట తెరవబడిన నాటినుండి, లోకములో ఏ మూలనో తలయెత్తిన రోగము ఒకటి రెండు దినములలోనే ఈ పొలిమేర తొక్కగల స్థితి యేర్పడినది. జీవాయుధములను గూర్చియు, అట్టి ఉపద్రవములకు ప్రజారోగ్య వ్యవస్థ ఏ మాత్రము సన్నద్ధమైయున్నదను విషయమును గూర్చియు నమ్మదగిన మాట ఎచ్చట దొరకునని అడుగువారికి, గ్రంథముల పేరులకంటె ముందుగా ఈ రెండు దారుల కథ చెప్పుట యుక్తమని నాకు తోచుచున్నది.

2009 మే 13వ తేదీన న్యూయార్కునుండి దుబాయి మీదుగా వచ్చిన ఇరువదిమూడేండ్ల యువకుడొకడు ఇచ్చట విమానము దిగెను. స్వైన్ ఫ్లూ అప్పటికే ఖండములు దాటియుండెను గనుక వచ్చు ప్రయాణికులకు ఆరోగ్య పరీక్షలు జరుగుచుండెను. అతనియందు జ్వరలక్షణములు గమనించి ఎఱ్ఱగడ్డలోని ఛాతీ ఆసుపత్రికి చేర్చిరి. మే 16న వ్యాధి నిర్ధారణమయ్యెను. భారతదేశమున ఆ మహమ్మారి తొలి రోగి అతడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని విశ్వవ్యాప్త వ్యాధిగా ప్రకటించినది ఆ తరువాత, జూన్ 11న. వాకిటి కావలి పనిచేసినదని సంతోషింపవలసిన సందర్భమే అది.

పదునొకండేండ్ల పిదప కథ వేఱు విధముగా నడచెను. 2020 ఫిబ్రవరిలో ఉద్యోగ కార్యముపై దుబాయి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరొకడు విమానములో బెంగుళూరునకు తిరిగివచ్చి, అచ్చటినుండి బస్సులో హైదరాబాదు చేరి, జ్వరమునకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చికిత్స పొంది, తుదకు గాంధీ ఆసుపత్రికి వచ్చి, మార్చి 2న తెలంగాణమున తొలి కోవిడ్ రోగిగా నిర్ధారింపబడెను. బెంగుళూరు బస్సులు నగరమునకు సాధారణముగా వచ్చు దారి ఈ తొండుపల్లి ప్రక్కదే. ఆకాశమార్గమున వచ్చిన జ్వరము పట్టుబడెను. నేలమార్గమున వచ్చినది చడీచప్పుడు లేక ఊరిలో ప్రవేశించెను.

ఇందులో ఎవరి అలసత్వమునో వెదకుట కంటె రోగము నడక తెలిసికొనుట మేలు. సూక్ష్మజీవి శరీరమున ప్రవేశించుటకును, లక్షణము బయటపడుటకును నడుమ కొంత వ్యవధి యుండును: ఫ్లూ విషయమున అది సుమారు 1 మొదలు 4 దినములు, ఎబోలా విషయమున 2 మొదలు 21 దినములు. ఆ వ్యవధిలో ప్రయాణించువాని నుదుట వేడి యుండదు. వేడిని మాత్రమే చూడగల యంత్రము వానిని చూడలేదు. విమానాశ్రయ పరీక్ష ఒక జల్లెడ వంటిది. దాని కన్నములకంటె సన్ననిది క్రిందికి జాఱక మానదు. పచ్చజ్వరము (ఎల్లో ఫీవర్) విషయమున మాత్రము ఇచ్చటి కట్టుబాటు గట్టిది, ఏలయన అందు చూచునది నుదుటి వేడిని కాదు, టీకా పత్రమును. టీకా వేసికొన్న పది దినములకు అమలులోనికి వచ్చి జీవితాంతము చెల్లు ఆ పత్రము లేక, ఆ వ్యాధియున్న దేశములనుండి వచ్చువారిని ఆఱు దినములవఱకు వేఱుగా ఉంచుదురు. ఆ రోగమును మోయగల దోమ మన దేశమున సమృద్ధిగా నుండగా రోగము మాత్రము ఇంతవఱకు రాకుండుటచే ఇంత పట్టుదల. నగరమున నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఈ టీకా వేయుదురు.

ఇక దుర్బుద్ధితో ఎవడైనను రోగమును వదలినచో అది ఎట్లు తెలియును? సినిమాలు చూచినవారు సైరనులను, ముసుగులు ధరించిన సైనికులను ఊహింతురు. వాస్తవమున రోగము తన్ను పంపినది ప్రకృతియో మనుష్యుడో చెప్పదు. 1984లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున, ది డాలెస్ అను చిన్న పట్టణమునందు, 751 మందికి సాల్మొనెల్లా సోకి వాంతులు, విరేచనములు కలిగెను. భోజనశాలల పనివారి అపరిశుభ్రతయే కారణమని మొదట భావించిరి. స్థానిక ఎన్నికలలో ఓటర్లను ఇండ్లనుండి కదలనీయకుండుటకై మన దేశమునుండి అచ్చటికి తరలిన రజనీష్ ఆశ్రమమునకు చెందిన కొందఱు పచ్చికూరల పళ్లెములలో సూక్ష్మజీవులను కలిపిరని, మఱుసటి యేడు ఆశ్రమములో అంతఃకలహములు రేగిన పిదప గాని బయటపడలేదు. 2001లో లేఖల ద్వారా పంపబడిన ఆంత్రాక్స్ వలన అమెరికాలో 22 మంది రోగగ్రస్తులై, వారిలో ఐదుగురు మరణించిరి. ఆ సంగతి మొదట పసిగట్టినది గూఢచారి కాడు, రోగి వెన్నునీటిని సూక్ష్మదర్శినిలో చూచి శంకించిన ఫ్లోరిడా వైద్యుడు. 2007 జూన్ 15నుండి అమలులోనున్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు సైతము ప్రకృతి, మనుష్యుడు అను ఈ భేదమును పాటింపవు. అంతర్జాతీయముగా ప్రమాదకరమై తోచిన ఘటన ఏ మూలమునుండి పుట్టినదైనను, అంచనా వేసిన 24 గంటలలోగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలుపవలెను. కావున జీవాయుధములకు సన్నద్ధత యనగా, కలరా, డెంగీ, విషాహారములకు మనము చేయవలసిన నిత్యకృత్యమే మఱింత శ్రద్ధతో చేయుట. 2008 జూలైలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వెలువరించిన జీవ విపత్తుల మార్గదర్శకములను చదివినను ఇదియే బోధపడును.

నమ్మదగిన మాట ఎట్లుండునో తెలిసికొనుటకు తెలుగునాట ఏలూరు కంటె మంచి పాఠము లేదు. 2020 డిసెంబరు మొదటి వారమున ఆ పట్టణములో జనులు ఉన్నట్టుండి మూర్ఛిల్లి, కాలుచేతులు కొట్టుకొని, నోట నురుగు గ్రక్కుచు పడిపోజొచ్చిరి. కొలది దినములలోనే బాధితుల సంఖ్య ఆఱువందలు దాటెను. వారిలో అధికులు కొన్ని గంటలలోనే తేఱుకొని యింటికి పోయిరి. కోవిడ్ భయము ఇంకను తొలగని ఆ దినములలో ఎవరి ఊహ వారిదయ్యెను. నీటిలో విషము కలిపిరనువారు, క్రొత్త వైరస్ అనువారు, గాలియే చెడినదనువారు. శాస్త్రజ్ఞులు మాత్రము రక్తము, నీరు, పాలు, కూరగాయల నమూనాలు సేకరించి పంపిరి. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలో రక్తమున సీసము, నికెలు కనబడెనని మొదట వార్త వచ్చెను. హైదరాబాదునుండి జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రము), ఐఐసీటీ (రసాయన సాంకేతిక సంస్థ), నాగపూరునుండి నీరీ (పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ) పరిశోధనలో పాల్గొనెను. పురుగుమందుల అవశేషములే ముఖ్య కారణమై యుండవచ్చునను వైపునకు ఆ నెల మధ్య నాటికి నిపుణుల మాట మొగ్గెను.

మొదట సీసమనిరి, పిదప పురుగుమందనిరి, వీరికే నిశ్చయము లేదని ఎగతాళి చేయువారుందురు. నా దృష్టిలో ఆ మార్పే ఆ మాటకు ప్రమాణము. ఏ నమూనా, ఎవరు, ఎచ్చట పరీక్షించిరో చెప్పి, తెలిసినంత చెప్పి, మిగిలినది ఇంకను తెలియదని ఒప్పుకొను ప్రకటన నిదానముగా వచ్చును, నీరసముగా నుండును; తొలి గంటలోనే అంతయు తెలిసినట్లు పలుకు వాట్సాప్ సందేశమునకు అట్టి చిక్కులేవియు లేవు. అట్టి సందేశమును నమ్మిన మూల్యము చిన్నది కాదు. 2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా తొట్టంబేడు మండలమున ఒక రైతు, తనకు వచ్చినది సామాన్య జ్వరమని వైద్యులు చెప్పినను, ఫోనులో కరోనా వీడియోలు చూచి అదియే తనకు సోకినదని నమ్మి, ఇంటివారికి సోకకూడదని వారిని ఇంటిలోపల ఉంచి బయట గడియ పెట్టి, ప్రాణము తీసికొనెను. ఆ నెలలోనే కోడిమాంసము వలన కరోనా వచ్చునను వదంతిచే కోళ్ల రైతులు నష్టపోవుచుండగా, తెలంగాణ మంత్రులు హైదరాబాదులో వేదికపై కోడిమాంసము తిని చూపవలసి వచ్చెను. ఆ దృశ్యమున హాస్యము లేకపోలేదు. ఐనను మంత్రి నోటికంటె పశువైద్యుని మాటకు విలువ యుండవలసినది.

ఇటీవలి ఉదాహరణము మఱింత సమీపమునది. 2025 నవంబరులో గుజరాత్ ఉగ్రవాద నిరోధక దళము, ఆముదపు గింజలనుండి రైసిన్ అను విషమును తయారుచేయ యత్నించెనను ఆరోపణపై హైదరాబాదుకు చెందిన ఒక వైద్యుని నిర్బంధించెను. నేరము నిజానిజములు తేల్చవలసినది న్యాయస్థానము. పాఠకునికి కావలసిన శాస్త్రము మాత్రము స్వల్పము, స్పష్టము: రైసిన్ ఒక ప్రోటీను, సూక్ష్మజీవి కాదు, ఒకరినుండి మఱియొకరికి సోకదు, దానికి విఱుగుడు మందు లేదు, లక్షణములకే చికిత్స. గింజలో విషమున్నను, అంగడిలో అమ్ము ఆముదములో అది యుండదు. పాలమూరు మెట్టపొలములలో తరతరములుగా పండుచున్న పంట అది. శంషాబాదుకు చేరువన, రాజేంద్రనగరులోనే నూనెగింజల పరిశోధన సంస్థ కలదు. ఆ విషమును ఎట్లు తీయుదురో వర్ణించు కథనము వలన ఎవరికిని మేలు లేదు. గింజలు నమిలి మ్రింగిన పసివానిని జాగు చేయక ఆసుపత్రికి చేర్పవలెనని చెప్పు రెండు వాక్యములు అంతకంటె వేయి రెట్లు విలువైనవి. ఏది ప్రచురింపవలెను, ఏది విడువవలెను అను వివేకము కూడ నమ్మదగిన మూలమునకు ఒక గుర్తు.

ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రము, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించు వ్యాధి సమాచారము ఎవరికైనను అందుబాటులో నున్నది; చిక్కెల్ల అది చాలవఱకు ఆంగ్లమున నుండుటయే. కేంద్ర పత్రికా సమాచార కార్యాలయము తెలుగున కొన్ని ప్రకటనలు వెలువరించుచున్నది గాని, తొండుపల్లిలో టీకొట్టు నడుపువాని ఫోనునకు వదంతి చేరినంత వేగముగా అవి చేరుట లేదు.

అట్టి సమాచారము పుట్టునది క్షేత్రస్థాయి నమోదులలో. దేశమున 2004లో ఆరంభమైన సమగ్ర వ్యాధి నిఘా పథకము క్రింద మూడు పత్రములు కలవు: గ్రామ ఆరోగ్య కార్యకర్త లక్షణములను బట్టి నింపునది ఎస్, వైద్యుడు అనుమానించి నింపునది పీ, ప్రయోగశాల నిర్ధారించి నింపునది ఎల్. ఇప్పుడవి కాగితము విడిచి కంప్యూటరు లెక్కలలోనికి చేరుచున్నవి. రేపు బెంగుళూరు బస్సులో ఏ క్రొత్త జ్వరము వచ్చినను, అది మొదట కనబడవలసినది ఆ ఎస్ పత్రములో, ఉపకేంద్రపు ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) వ్రాసిన పంక్తిలోనే. ఒకే వీధిలో ఒకే విధమైన జ్వరములు ఈ వారము ఏల పెరిగినవని జిల్లా నిఘా అధికారి ఆ పంక్తిని చూచి అడుగవలెను.