బట్టమేక పక్షులకు విడిచిన బీళ్లలో కలుపు నిర్మూలనము

పూర్వపు కర్నూలు జిల్లాలోని రోళ్లపాడున 1988వ సంవత్సరమున బట్టమేక పక్షులకై అభయారణ్యము ఏర్పడినది. పేరు అరణ్యమేకాని అది నిజమునకు గడ్డిబీడు. చెట్లు దట్టముగ నున్నచోట ఈ పక్షి నిలువదు; నలుదిక్కుల దూరమునకు చూపు ఆనవలయును. గ్రుడ్డు నేలమీదనే పెట్టును. అట్టి బీటి ప్రక్కన వన్యప్రాణులకై చేను విడువదలచిన సోదరరైతులు, దున్నకుండ వదలినంతనే గడ్డి తనంతట పెరుగునని తలపరాదు. దున్నని నేలకు ముందుగ వచ్చునవి సర్కారు తుమ్మయు, వయ్యారిభామయు. వాని గింజలు అచ్చటినుండి మన పైరుచేలకును ప్రాకును.

సర్కారు తుమ్మ మన దేశపు చెట్టు కాదు. వంటచెఱకు కొఱత తీరునని 1877–78 ప్రాంతమున విత్తులు తెప్పించి కడప జిల్లా కమలాపురమున నాటించిరి. కాయలు తియ్యనివగుటచే గొఱ్ఱెలు, మేకలు, జింకలు ఆసక్తితో తినును. గింజలు అరుగక పెంటతో బీడంతట పడి మొలచును. గొడ్డలితో నఱికినచో మొదటినుండి మఱిన్ని కొమ్మలు చిగిర్చును. కావున జానెడు లోతునకు మించి గడ్డపాఱతో త్రవ్వి మొద్దును పెల్లగింపవలయును. కాయలు రాలు దినములలో తుమ్మతోపున మేసిన మందను ఒక వారము దొడ్డిలో నుంచి పిదప బీటికి తోలుట మేలు. కాపరులకు ఇది కష్టమే. మేత సంఘము సమకూర్చినగాని వారు వినరు.

వయ్యారిభామ 1955 ప్రాంతమున పూనాలో కనబడి దేశమంతట వ్యాపించినది. మొలచిన నెలకే పూయును. ఒక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. పూతకు ముందే, తడినేలలో, చేతులకు గుడ్డ చుట్టుకొని వేళ్లతో పెఱుకవలయును. ఒంటికి తగిలిన దురదపుండ్లు లేచును. పశువులకు వేసిన పాలు చేదగును. ఉప్పునీరు చల్లుమని కొందఱందురు. కలుపుతోపాటు గడ్డియు చచ్చును గనుక బీటికది తగదు. 1984లో బెంగుళూరున విడిచిన మెక్సికో పెంకుపురుగు వానకాలమున దీని యాకులను తినును, దానిని చంపరాదు.

ఇందొక చిక్కు కలదు. కలుపు పెఱుకదగిన వానకాలమే బట్టమేక, నేల నెమలి మున్నగువాని గ్రుడ్ల కాలము. కూలీల గుంపు బీడంతట త్రొక్కినచో పక్షి గూడు విడిచిపోవును. వయ్యారిభామ తఱచుగ బండిదారులు, గట్లు, మందలు నిలిచిన తావులనుండియే మొదలగును. కావున వానలలో ఆ యంచులను మాత్రము శుభ్రపఱచి, నడిబీటిని కార్తిక మార్గశిరములవఱకు ముట్టకుండవలయును. తుమ్మ త్రవ్వుటకును నేలలో పదునుండు ఆ మాసములే అనుకూలములు. అభయారణ్యపు హద్దులోపల అటవీశాఖవారి అనుమతి లేక ఏ చెట్టును తాకరాదు.

తుమ్మకట్టె బొగ్గునకు మంచిది. దాని వెలతో త్రవ్వకపు కూలి కొంత గడచును. అయితే గుత్తదారు పైకట్టె కొట్టుకొని మొద్దును విడిచిపోవుట వాడుక. మొద్దు పెల్లగించి చూపినపిమ్మటనే కట్టె బండి కదలవలయునని ఒప్పందమున ముందే వ్రాయించుకొనుడు.