పుర్రె అడుగున వయసు గుర్తు

మాంసం కూరలో ఎముక కొట్టి మూలుగ పీల్చిన వాళ్లకు మూలుగంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మనిషి ఎముకల్లోనూ ఉండేది అదే. అయితే అది రెండు రకాలు. ఎర్ర మూలుగ రక్తకణాలను తయారుచేస్తుంది. పసుపు మూలుగ చాలావరకు కొవ్వే. ఎర్రదానిలో కొవ్వు నూటికి సుమారు 40 పాళ్లయితే పసుపుదానిలో 80 పాళ్లు.

పుట్టినప్పుడు మనలో ఉండేది దాదాపు అంతా ఎర్ర మూలుగే. పెరిగేకొద్దీ అది పసుపుగా మారుతుంది. వరికంకి కొసనుంచి మొదటికి పండుతూ వస్తుంది గదా, అలాగే ఈ మార్పు వేళ్ల ఎముకల్లో మొదలై మొండెం వైపు వస్తుంది. 25 ఏళ్లనాటికి ఎర్ర మూలుగ ముఖ్యంగా వెన్నుపూసలు, పక్కటెముకలు, కటి, పుర్రె వంటి చోట్లనే మిగులుతుంది. ఆ తర్వాత అక్కడా నెమ్మదిగా కొవ్వు చేరుతూనే ఉంటుంది.

ఎముక కోయకుండా దీన్ని చూపేది ఎం.ఆర్.ఐ. ఈ పద్ధతిలో తొలి చిత్రాలను పాల్ లాటర్‌బర్ 1973లో ప్రకటించాడు. 2003లో పీటర్ మాన్స్‌ఫీల్డుతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఇందులో ఎక్స్‌రే కిరణాలుండవు. బలమైన అయస్కాంతంలో పడుకోబెట్టి, శరీరంలోని ఉదజని కేంద్రకాలను రేడియో తరంగాలతో కదిలిస్తారు. కొవ్వులోవి త్వరగా తేరుకుంటాయి, నీటిలోవి ఆలస్యంగా. అందుచేత 'టి1' అనే రకం చిత్రంలో కొవ్వు తెల్లగా, నీరు నల్లగా పడుతుంది.

ఇక పుర్రె అడుగుకి వద్దాం. పీయూష గ్రంథి వెనుకనుంచి, మెదడు కాండానికి ముందుగా, చెరువుకట్ట వాలులా దిగే ఎముక ఒకటుంది. పేరు క్లైవస్, లాటిన్‌లో వాలు అనే అర్థం. చిన్నపిల్లల టి1 చిత్రంలో ఇది చాలావరకు నల్లగానే ఉంటుంది. పెరిగేకొద్దీ తెల్లమచ్చలు పడతాయి. యాభై దాటిన చాలామందిలో ఎక్కువభాగం తెల్లబడుతుంది. అందరిలో ఒకే వేగంతో జరగదనుకోండి, కాని దారి మాత్రం ఒకటే.

అసలు సంగతి ఇక్కడుంది. అయిదేళ్ల పిల్లవాడికి సహజమైన నలుపే అరవయ్యేళ్ల మనిషిలో కనబడితే డాక్టరు ఆగి ఆలోచించాలి. తీవ్రమైన రక్తహీనత వల్ల పసుపు మూలుగ తిరిగి ఎర్రబడి ఉండవచ్చు. ల్యుకేమియా కావచ్చు, మరోచోటి క్యాన్సరు పాకి ఉండవచ్చు. తలనొప్పికని తీయించిన చిత్రంలో ఇది బయటపడవచ్చు. చిత్రం ఒక్కటే చూసి తీర్పు చెప్పరు. రక్తపరీక్షలు, అవసరమైతే మూలుగ పరీక్ష చేస్తారు.

మా పల్లెల్లో ముసలివాళ్లను వయసడిగితే "1977 ఉప్పెనకి నా పెళ్లయింది" అంటారు. చీటీ రాసేవాళ్లు నోటికొచ్చిన అంకె వేస్తారు. అలా వేయనివ్వకండి. మనవాళ్లను స్కానింగుకి తీసుకెళ్లినప్పుడు ఆ ఉప్పెన లెక్కే కట్టి, సరైన వయసు, పాత రక్తహీనత సంగతీ చెప్పి రాయించండి. అవి తెలియందే ఆ నలుపు సహజమో జబ్బో పోల్చుకోవడం కష్టం.