తాండ్రకు కొత్త చాప



"తాండ్ర" అనే మాట మా అవ్వ నోట చిన్నప్పుడు చాలాసార్లు విన్నాను. ఆ వస్తువును మాత్రం మా ఇంట్లో ఎన్నడూ చూడలేదు. మామిడిపళ్లు వచ్చినప్పుడల్లా, "మా అమ్మ వాళ్లు దీనితో తాండ్ర వేసేవారట" అని చెప్పి ఊరుకునేది. ఎందుకు వేయడం లేదని అడిగితే, "ఇక్కడ ఎండ రాదురా" అనేది. డర్బన్‌లో ఎండ లేకపోవడమేమిటని నేను నవ్వేవాణ్ణి. ఆమె మాటలోని నిజం నాకు పెద్దయిన తరువాత గాని తెలియలేదు.

ఆంధ్రదేశంలో మామిడిపండు ఏప్రిల్ నుండి జూన్ వరకు వస్తుంది. అది అక్కడ మండువేసవి. పండ్ల రసం తీసి చాపల మీద పలుచగా పరుస్తారు. అది ఆరిన తరువాత దానిపై మరొక పొర పోస్తారు. ఇట్లా రోజుల తరబడి పొర మీద పొర వేసి మందమైన తాండ్ర చేస్తారు. గోదావరి ప్రాంతంలోని ఆత్రేయపురం పూతరేకులకు వలెనే ఈ మామిడి తాండ్రకు కూడా పేరు పొందింది.

మన నేటాల్ తీరంలో సంగతి వేరు. ఇక్కడ మామిడి డిసెంబరు నుండి మార్చి వరకు వస్తుంది. మనకు వానలు కురిసే నెలలు కూడా సరిగ్గా అవే. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. రసం పరిస్తే ఆరక ముందే పులుస్తుంది, ఈగలు ముసురుతాయి. పొడి ఎండ మనకు జూన్, జూలై నెలల చలికాలంలో ఉంటుంది గాని అప్పుడు చెట్టు మీద మామిడిపండు ఉండదు. అనగా పండు ఒక ఋతువులో, ఎండ మరొక ఋతువులో.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు ఓడలలో వచ్చిన మన పెద్దలు చెరకు తోటల బరాకులలో ఉండి కూడా చాలా వంటలు నిలుపుకున్నారు. మామిడికాయ పచ్చడి నిలిచింది, ఎందుకంటే ఉప్పు, కారం, నూనె ఉంటే అది ఆకాశాన్ని ఎక్కువగా నమ్ముకోదు. మా ఇంట్లో వడియాలు కూడా నిలిచాయి, చలికాలపు ఎండలో పెట్టుకోవచ్చు గనుక. తాండ్రకు మాత్రం మాట మిగిలింది, వస్తువు పోయింది. మా అవ్వ బద్ధకించలేదు. ఋతువు ఆమెకు సహకరించలేదు.

ఇప్పుడు ఫుడ్ డీహైడ్రేటర్ అనే ఎండబెట్టే పెట్టె మన ఇళ్లలోకి వచ్చింది. దానిలో ఒక ఫ్యాను, ఒక హీటరు, కొన్ని జల్లెడ వంటి ట్రేలు ఉంటాయి. బయట వాన కురిసినా లోపల పొడి గాలి వీస్తుంది. అయితే నాకు తెలిసిన ఒకరిద్దరు యంత్రం కొని, ఒకసారి తాండ్ర వేసి, రసం ట్రే రంధ్రాలలోకి జారి గట్టిపడిందని దానిని అలమారలో పెట్టేశారు. లోపం యంత్రంలో లేదు. వారు చాప లేకుండా తాండ్ర వేశారు. ఆ చాప పని చేసేదే అంటుకోని షీటు. ఒకసారి కొంటే కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఈ వ్యాసం దానిని గురించే.

షీట్లలో రకాలు

మొదటి రకం గాజు నూలు బట్టకు టెఫ్లాన్ పూసినది. ఇది పలుచగా, సాధారణంగా గోధుమరంగులో ఉంటుంది. టెఫ్లాన్ అనే పదార్థాన్ని 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. ఇది వేడికి విషం అవుతుందేమో అని కొందరు భయపడతారు. అది చెడడం మొదలుపెట్టేది సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత. మన ఎండబెట్టే పెట్టె సాధారణంగా 70, 75 డిగ్రీలు దాటదు. కావున ఆ భయం అక్కరలేదు.

రెండవ రకం సిలికాన్ షీటు. ఇది మందంగా, రబ్బరు వలె వంగుతుంది. తాండ్ర దీని మీద నుండి చక్కగా లేస్తుంది. అయితే సిలికాన్ వాసనను పట్టి ఉంచుతుంది. ఇంగువ, ఉల్లి, కారం వేసిన వడియాలు పెట్టిన షీటు మీద తరువాత తాండ్ర వేస్తే పిల్లలు ముక్కు మూసుకుంటారు. తీపికి ఒకటి, కారానికి ఒకటి వేరుగా ఉంచుకోండి.

మూడవది యంత్రంతో పాటు వచ్చే గట్టి ప్లాస్టిక్ పళ్లెం. దీనికి కొంచెం నూనె రాయకపోతే రసం పట్టుకుంటుంది.

షీటుకు బదులు మైనపు కాగితం వాడకండి. మైనం కరిగి తాండ్రకు అంటుతుంది. అల్యూమినియం రేకు కూడా వద్దు. పండులోని పులుపు దానిపై పనిచేస్తుంది, పైగా తాండ్ర రేకుకు అతుక్కుంటుంది. బేకింగ్ కాగితం ఒక్కసారికి పనికి వస్తుంది గాని తడికి ముడుతలు పడి తాండ్ర అడుగు అలలు అలలుగా తయారవుతుంది.

తాండ్ర వేసే పద్ధతి

బాగా పండిన మామిడిపళ్లు తీసుకోండి. టామీ అట్కిన్స్ రకంలో పీచు ఎక్కువ గనుక గుజ్జును జల్లెడలో వడకట్టాలి. కెంట్ రకంలో పీచు తక్కువ. రెండు కప్పుల గుజ్జుకు రెండు చిన్న చెంచాల నిమ్మరసం కలిపితే రంగు నల్లబడదు. పండు తియ్యగా ఉంటే చక్కెర, బెల్లం అవసరం లేదు. అవి ఎక్కువైతే తాండ్ర ఎంతసేపు ఉంచినా జిగటగానే ఉంటుంది.

33 సెంటీమీటర్ల వెడల్పు, 38 సెంటీమీటర్ల పొడవు గల ట్రేకు ఈ రెండు కప్పులు సరిపోతాయి. షీటును ట్రే మీద పరచి, గుజ్జును 3 నుండి 6 మిల్లీమీటర్ల మందాన అట్లకాడతో సర్దండి. ఆరడం అంచుల నుండి మధ్యకు సాగుతుంది. కావున అంచులను కొంచెం మందంగా, మధ్యను కొంచెం పలుచగా ఉంచాలి. షీటు చుట్టూ రెండు సెంటీమీటర్ల చోటు వదలండి. షీటు గాలి దారిని పూర్తిగా మూయకుండా చూడండి. గుండ్రని ట్రేలు ఒకదానిపై ఒకటి పేర్చే యంత్రంలో గాలి మధ్య రంధ్రం గుండా పోతుంది. దానిని మూస్తే పై ట్రేలు ఆరవు.

వేడి 57 నుండి 60 డిగ్రీలు చాలు. త్వరగా కావాలని వేడి పెంచితే పైన తోలు కట్టి లోపల తడి నిలిచిపోతుంది. అటువంటి తాండ్ర చూడటానికి బాగుంటుంది, వారంలో బూజు పడుతుంది.

తిప్పడం మరువరాదు

షీటు వాడేవారు తప్పక గ్రహించవలసిన సంగతి ఇది. వట్టి జల్లెడ ట్రే మీద గాలి పైనుండీ కిందనుండీ తగులుతుంది. షీటు పరిస్తే కిందివైపు గాలి తగలదు. అల్లిన చాప సందుల గుండా కొంత తేమ పోతుంది గాని షీటు గుండా ఏమీ పోదు. అందుచేత పైభాగం ఆరినా అడుగు తడిగా ఉంటుంది.

ఆరు గంటల తరువాత చూడండి. పైభాగం వేలికి అంటకుండా, అంచులు తమంతట తాము లేస్తుంటే తిప్పే సమయం వచ్చినట్లు. తాండ్ర మీద మరొక ఖాళీ జల్లెడ ట్రేను బోర్లించి, రెండు ట్రేలను కలిపి పట్టుకొని ఒక్కసారిగా తిప్పండి. ఇప్పుడు షీటు పైకి వస్తుంది. దానిని ఒక మూల నుండి నెమ్మదిగా ఒలవండి. ఒలవడానికి రాకపోతే బలవంతం చేయవద్దు. అది ఇంకా ఆరలేదని అర్థం. షీటు తీసిన తరువాత మరొక గంట, రెండు గంటలు ఉంచండి. మధ్యలో వేలితో నొక్కితే గుంట పడకూడదు. మన తీరపు తేమను బట్టి, పండును బట్టి మొత్తం 8 నుండి 10 గంటలు పట్టవచ్చు.

ఊరిలో వలె పొరల తాండ్ర కావాలంటే మొదటి పొరను 3 మిల్లీమీటర్లే పోయండి. అది వేలికి అంటనప్పుడు రెండవ పొర, అట్లే మూడవ పొర పోయండి. తిప్పడం మాత్రం చివరనే.

2022, 2023 సంవత్సరాల కరెంటు కోతలను మనం మరువలేదు. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచండి. రెండు గంటలలో తిరిగి వస్తే ఇబ్బంది లేదు. ఎక్కువసేపు పోతుందని తెలిస్తే ట్రేను అట్లాగే ఫ్రిజ్‌లో పెట్టి, తరువాత కొనసాగించండి.

వడియాలకు కూడా

సగ్గుబియ్యం ఉడికించిన జావను చెంచాతో షీటు మీద వడియాలుగా పెట్టవచ్చు. మా అమ్మ పాత చీర మీద పెట్టి, ఆరిన తరువాత బట్ట వెనుక నీళ్లు చల్లి ఒలిచేది. షీటు మీద ఆ నీళ్ల పని లేదు. సగం ఆరగానే షీటు తీసి జల్లెడ మీదికి మార్చండి. విరిస్తే ఫట్ అని విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్లే.

షీటును కాపాడుకోవడం

మొదటిసారి తాండ్ర బాగా వచ్చిన సంతోషంలో నేను దానిని షీటు మీదనే కత్తితో కోశాను. తాండ్రతో పాటు షీటు కూడా తెగింది, గాజు నూలు బయటపడింది. ఆ షీటును పారవేయవలసి వచ్చింది. మీరు తాండ్రను చెక్క పీట మీదికి మార్చిన తరువాతనే కోయండి. కత్తెర అయితే ఇంకా సులువు.

షీటును గోరువెచ్చని నీటిలో కొంచెం సబ్బు వేసి నానబెట్టి, మెత్తని గుడ్డతో తుడవండి. ఉక్కు పీచు తగలనివ్వకండి. జిడ్డు మిగిలితే తరువాత కంపు కొడుతుంది. రెండు వైపులా ఆరబెట్టి, మడవకుండా పరచిగాని, వదులుగా చుట్టిగాని దాచండి. మడత పడిన చోటనే పూత పగులుతుంది. పూత లేచిన షీటు మీద తినే వస్తువు పెట్టకూడదు.

తయారైన తాండ్రను బేకింగ్ కాగితంలో చుట్టి, గాలి చొరని డబ్బాలో పెడితే నెల రోజులు ఉంటుంది. ఫ్రీజరులో సంవత్సరం వరకు ఉంచవచ్చు. మనవారిలో చక్కెర వ్యాధి ఎక్కువ గనుక ఒక మాట. చక్కెర కలపకపోయినా తాండ్రలో పండులోని తీపి అంతా చిక్కబడి ఉంటుంది. చిన్న ముక్కతో తృప్తి పడాలి.

చివరగా ఒక మనవి. డిసెంబరులో బడులకు సెలవులు, బజారులో మామిడిపళ్లు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని ఈ పని చేయండి. పిండు, వడకట్టు, పరచు, తిప్పు, ఒలుచు, చుట్టు అనే మాటలను నేను తరగతిలో నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసినా పిల్లలు మరుసటి వారానికి మరచిపోతారు. తాండ్ర వేసిన మధ్యాహ్నం మా మనవరాలు ఈ ఆరు మాటలూ నేర్చుకుంది, ఇప్పటికీ మరువలేదు. "తాండ్ర" అన్నప్పుడు ఆమెకు నోట్లో నీళ్లూరుతాయి. నా చిన్నతనంలో నాకు అది మాట మాత్రమే.