హెచ్.ఐ.వి. చికిత్స – దీర్ఘకాల ఫలితములు

తళి మొదలు హోసూరు, కృష్ణగిరి వఱకు గల మా సీమ మూడు భాషల కూడలి. ఇంట తెలుఁగు, సంతలో కన్నడము, కచేరిలో తమిళము మా నిత్యవ్యవహారము. తెలుఁగు బోధించు నాయొద్దకు అర్జీలు వ్రాయించుకొనుటకును, చీటీలు చదివించుకొనుటకును వచ్చువారు కలరు. కొన్నేండ్ల క్రిందట నొక స్త్రీ తమిళమున నున్న మందుల చీటి తెచ్చి, "అయివారా, ఒళ్లు బాగయింది గదా, ఈ మాత్రలు ఇంకా ఎన్నాళ్లు మింగల్ల?" అని మెల్లగా నడిగినది. అవి హెచ్.ఐ.వి. మాత్రలు. ఆమె ప్రశ్నకు సమాధానమే యీ వ్యాసము.

మన దేశమున నీ వ్యాధి 1986లో మద్రాసునందు మొదట కనుగొనఁబడినది. మద్రాసు వైద్యకళాశాలకు చెందిన డాక్టరు సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని నిర్మల యందుకు కారకులు. 1996లో మూడు మందులను కలిపి యిచ్చు పద్ధతి వెలసినది. కాని యేఁటికి పదివేల డాలర్లు మించు వ్యయము బీదలకు అందనిది. 2001లో మన దేశపు సిప్లా సంస్థ ఆ మందులను ఏఁటికి 350 డాలర్లకే యిచ్చెదమని ప్రకటించినది. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము వీనిని ఉచితముగా నిచ్చుట కారంభించెను. తాంబరము ప్రభుత్వాసుపత్రి తొలి కేంద్రములలో నొకటి.

ఈ వైరస్ రక్తమునందలి సి.డి.4 అను రక్షకకణములను నశింపఁజేయును. మందులు వైరస్ వృద్ధిని అరికట్టును. కాని కొన్ని కణములలో నిద్రించు వైరస్‌ను నిర్మూలింపఁజాలవు. మాత్ర మానినచో నది సాధారణముగా కొన్ని వారములలోనే మరల విజృంభించును. ఒళ్లు బాగగుట మందు పని చేయుచున్నదనుటకు గుర్తే కాని, మందు అక్కఱ తీఱినదనుటకు కాదు.

ఇఁక ఫలితములు. 2004లో ప్రపంచమున ఎయిడ్స్ సంబంధమైన మరణములు ఇరువది లక్షలు మించెను. 2023 నాటికి సుమారు 6 లక్షల 30 వేలకు తగ్గెను. సకాలమున మొదలిడి విడువక వాడువారు ఇంచుమించు ఇతరులవలెనే జీవింపఁగలరు. చెన్నై, పూనా నగరములు కూడ పాల్గొన్న యొక అంతర్జాతీయ పరిశోధన, చికిత్సను ముందుగా మొదలిడుటవలన భాగస్వామికి వ్యాధి సోఁకుట నూటికి 96 వంతులు తగ్గునని 2011లో తెలిపెను. రక్తపరీక్షలో వైరస్ కానరాని స్థితి నిలిచియున్నచో సంభోగమువలన నితరులకు సోఁకదని నేఁడు స్థిరపడినది.

అయినను బీదప్రాంతములలో చిక్కులు గలవు. ఆలస్యముగా వచ్చువారికి మొదటి నెలలే గండము. క్షయ వారిని ముఖ్యముగా కబళించుచున్నది. తొలినాఁటి స్టావుడిన్ అను మందువలన బుగ్గలు పీక్కొనిపోవుట, కాళ్లు తిమ్మిరెక్కుట కలిగెడివి. 2009లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని మానిపింపఁ దొడఁగెను. నేఁటి డోలుటెగ్రావిర్ మిశ్రమము దినమున కొక్క మాత్ర; బాధలు తక్కువ. కాని యిరువదేండ్లు బ్రదికినవారికి వయస్సుతో మధుమేహము, రక్తపుపోటు, మూత్రపిండముల జబ్బు వచ్చును గనుక, ఆ పరీక్షలును ఆవశ్యకములు.

మాత్రలను నడుమ నడుమ విడిచినచో వైరస్ మందునకు లొంగనిదగును. అపుడు వేఱు మందు వెదకవలెను. విడుచుటకు కారణము తఱచు నిర్లక్ష్యము కాదు. ఆసుపత్రికి పోవుదినమున కూలి పోవును, బస్సు ఛార్జి పైఁబడును, ఎవరైన చూచెదరను భయము వెంటాడును. అందుచేతనే నిలకడగా నున్నవారికి పలునెలల మాత్రలు ఒకేసారి యిచ్చు పద్ధతియు, దగ్గర ఆసుపత్రులలో మందు లందించు ఏర్పాటును వచ్చినవి. రోగి రహస్యమును కాపాడుటకును, ఉద్యోగమునందు వివక్షను నిషేధించుటకును 2017లో చట్టము చేయఁబడి, 2018 సెప్టెంబరులో అమలునకు వచ్చెను.

ఆనాఁడు చీటి చదివి, "బ్రదికినన్నాళ్లు మింగవలెనమ్మా, మింగినన్నాళ్లు బ్రదికెదవు" అంటిని. ఆమె చీటిని మడిచి కొంగున ముడివైచుకొని పోయినది. ఆ ఒక్క మాట ఆమెకు తన భాషలో అంతవఱకు అందలేదు. సందేహములకు 1097 అను ఉచిత దూరవాణి సంఖ్య కలదు. మందు ప్రభుత్వ మిచ్చుచున్నది. దానిని విడువరాదను మాటను తెలుఁగున ముద్రించి యింటింటికి చేర్చుట మన సంఘమువంటి వాని పని.