దీర్ఘకాలిక సంధి క్షీణత

మెదడులోని నాడీకణాల మధ్య ఉండే సంధుల బలం తగ్గి, ఆ తగ్గుదల గంటల తరబడి లేదా అంతకంటే ఎక్కువ కాలం నిలిచి ఉండటాన్ని దీర్ఘకాలిక సంధి క్షీణత అంటారు. సంధులు బలపడే ప్రక్రియను దీర్ఘకాలిక సంధి దృఢత అంటారు. పరస్పర విరుద్ధమైన ఈ రెండు ప్రక్రియలనూ సాధారణంగా ప్రారంభించేది కాల్షియమే.

చరిత్ర

వేగవంతమైన ప్రేరణతో సంధులు బలపడతాయని 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో కుందేళ్ళపై చేసిన ప్రయోగాలలో చూపారు. చిన్నమెదడులోని పుర్కింజీ కణాల వద్ద సంధులు బలహీనపడటాన్ని 1982లో జపాను శాస్త్రవేత్త మసావో ఇటో బృందం ప్రకటించింది. 1992లో సెరీనా డుడెక్, మార్క్ బేర్ ఎలుక హిప్పోక్యాంపస్ ముక్కలకు సెకనుకు ఒకటి చొప్పున 900 విద్యుత్ స్పందనలు ఇచ్చి, అక్కడి సంధులను బలహీనపరచగలిగారు.

కాల్షియం పాత్ర

విశ్రాంతి స్థితిలో నాడీకణం లోపల కాల్షియం గాఢత సుమారు 0.1 మైక్రోమోలార్ మాత్రమే. కణం వెలుపల అది పదివేల రెట్లకు పైగా ఉంటుంది. కాబట్టి ద్వారం తెరుచుకోగానే కాల్షియం లోపలికి ప్రవహిస్తుంది. హిప్పోక్యాంపస్‌లో ఈ ద్వారం ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకం. దీనిని మెగ్నీషియం అయాను అడ్డుకొని ఉంటుంది. గ్లుటమేట్ వచ్చి అంటుకోవడంతో పాటు కణత్వచం విద్యుత్ స్థితి కూడా మారితేనే ఆ అడ్డు తొలగుతుంది. వేగవంతమైన ప్రేరణకు అడ్డు బాగా తొలగి, కాల్షియం ఒక్కసారిగా పెరుగుతుంది. మందమైన ప్రేరణకు కొద్దిగా మాత్రమే, కానీ ఎక్కువసేపు పెరుగుతుంది.

కాల్షియం మోతాదును బట్టి ఫలితం మారుతుందని 1989లో జాన్ లిస్మన్ ప్రతిపాదించాడు. కాల్షియం మొదట కాల్మోడ్యులిన్ అనే ప్రోటీనుతో కలుస్తుంది. కాల్సిన్యూరిన్ అనే ఎంజైము తక్కువ మోతాదుకే చైతన్యవంతమవుతుంది. ఇది మరొక ఎంజైమైన ప్రోటీన్ ఫాస్ఫటేజ్-1 మీద ఉన్న నిరోధాన్ని తొలగిస్తుంది. ఈ ఎంజైములు ప్రోటీనుల నుండి ఫాస్ఫేటును తొలగిస్తాయి. చివరకు సంకేతాలను అందుకునే ఆంపా గ్రాహకాలు కణ ఉపరితలం నుండి లోపలికి చేరుకోవడంతో సంధి బలహీనపడుతుంది. కాల్షియం ఎక్కువగా పెరిగితే, ఫాస్ఫేటును చేర్చే కైనేజు ఎంజైములది పైచేయి అయి, సంధి బలపడుతుంది.

చిన్నమెదడులో పద్ధతి దాదాపు తలకిందులుగా ఉంటుంది. అక్కడ కాల్షియం బాగా పెరిగినపుడు ప్రోటీన్ కైనేజ్-సి ద్వారా సంధి బలహీనపడుతుంది.

ప్రాముఖ్యత, భిన్నాభిప్రాయాలు

సంధులు బలపడుతూనే పోతే కొత్త విషయాలను నమోదు చేసుకునే అవకాశం తగ్గిపోతుంది. 2014లో సదేగ్ నబావి, రాబర్టో మాలినో తదితరులు ఎలుకలలో కాంతి సాయంతో సంధులను బలహీనపరచి ఒక భయ జ్ఞాపకాన్ని అణచివేసి, మళ్ళీ బలపరచి దానిని తిరిగి తెప్పించారు. అయితే 2013లో ఇదే బృందం, ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకం గుండా కాల్షియం రాకున్నా క్షీణత జరగవచ్చని చూపింది. దీనిపై శాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేదు. చిన్నమెదడులో ఈ క్షీణత లోపించిన చుంచెలుకలు కూడా కదలికలను మామూలుగానే నేర్చుకున్నట్లు 2011లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది.