ఫైబర్ కేబుల్ మీద డిస్క్ ఇస్తుంటే సర్వర్ ఎందుకు క్రాష్ అవుతోంది? చిల్పూర్ స్టూడియోలో మేం పట్టుకున్న అసలు కారణం

జనగామ జిల్లా చిల్పూర్‌లో మా బావమరిది పెళ్లి వీడియోల ఎడిటింగ్ స్టూడియో నడుపుతాడు. గుట్ట మీద బుగులు వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు కాబట్టి ముహూర్తాల రోజుల్లో వాడికి తీరిక ఉండదు. అలాంటి ఒక వారంలో రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు.

"బావా, సర్వర్ మళ్లా ఆగింది. స్క్రీన్ మీద ఏందో ఇంగ్లీషుల మస్తు రాసి ఉంది. పొద్దుగాల పెళ్లోళ్లు వస్తరు."

వారంలో అది మూడోసారి. మొదటిసారి క్రాష్ అయినప్పుడే ఒక పెళ్లిలో అప్పగింతల క్లిప్ చివరి నాలుగు నిమిషాలు పోయాయి. ఫైల్ సైజు సరిగ్గానే ఉంది, ప్లే చేస్తే మాత్రం చివర్లో నల్ల తెర. కాపీ అయిపోయింది కదా అని కెమెరా కార్డును అప్పటికే ఫార్మాట్ చేసి ఇంకో పెళ్లికి పంపేశారు.

ఆ వారం నేను చేసిన చెకింగ్ అంతా వరుసగా ఇక్కడ చెబుతున్నాను. ఇలాంటి సెటప్ మీ దగ్గర లేకపోయినా, కెర్నల్ క్రాష్ అయితే ఎక్కడి నుంచి వెతకాలో తెలుస్తుంది. మీ ఫోన్ దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది కూడా కొన్నిసార్లు ఇలాంటి క్రాష్ వల్లే.

అసలు ఈ సెటప్ ఏంటి?

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ వేరు, ఇది వేరు. దీని పేరు ఫైబర్ ఛానల్. డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య డేటా మోయడానికే పుట్టిన లింక్. 8 గిగాబిట్ కార్డు అయితే సెకనుకు సుమారు 800 ఎంబీ ఒక్కో దిశలో వెళ్తుంది. మామూలు గిగాబిట్ ల్యాన్‌లో 110 ఎంబీ దాటితే గొప్ప. పెద్ద కంపెనీలు తీసేసిన పాత కార్డులు సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతాయి కాబట్టి మావాడు అవే కొన్నాడు.

స్టూడియోలో ఒక పాత సర్వర్ ఉంది. 32 జీబీ ర్యామ్, నాలుగు మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులు, రెయిడ్ 10, పైన లినక్స్. సర్వర్‌లో రెండు పోర్టుల కార్డు, ఒక్కో పోర్టు నుంచి ఒక్కో ఎడిటింగ్ సిస్టమ్‌కు నేరుగా కేబుల్. ఎడిటింగ్ సిస్టమ్స్‌లో విండోస్.

సర్వర్ ఇక్కడ డిస్కులా నటిస్తుంది. తన దగ్గరున్న ఒక పెద్ద ఫైలునే "ఇదిగో హార్డ్ డిస్క్" అని అవతలి కంప్యూటర్‌కు చూపిస్తుంది. విండోస్ దాన్ని నిజమైన డిస్క్ అనుకుని ఫార్మాట్ చేసుకుంటుంది. డిస్కులా నటించే వైపును టార్గెట్ అంటారు, వాడుకునే వైపును ఇనిషియేటర్ అంటారు. చూపించే ఒక్కో డిస్క్ ఒక లన్. లినక్స్ కెర్నల్‌లో ఈ పని చేసే భాగం ఎల్ఐఓ. ఇది 2011లో 2.6.38 వెర్షన్‌తో కెర్నల్‌లో చేరింది. క్యూలాజిక్ ఫైబర్ ఛానల్ కార్డులను టార్గెట్‌గా వాడే సౌకర్యం 2012లో 3.5 వెర్షన్‌తో వచ్చింది.

ఒక జాగ్రత్త: ఇది షేర్డ్ ఫోల్డర్ కాదు. ఒకే లన్‌ను రెండు విండోస్ సిస్టమ్స్‌కు ఇస్తే ఒకటి రాసింది ఇంకోదానికి తెలియక ఫైల్ సిస్టమ్ పాడైపోతుంది. సిస్టమ్‌కు ఒక లన్ విడిగా ఇవ్వాలి. మావాడు అది సరిగ్గానే చేశాడు.

మొదటి పని: మెసేజ్ పట్టుకోవడం

క్రాష్ అయిన స్క్రీన్‌ను మావాడు ఫోన్‌తో ఫొటో తీసి పంపాడు. మంచి అలవాటే, కానీ సరిపోదు. స్క్రీన్ మీద మిగిలేది చివరి ఇరవై ముప్పై లైన్లే. మనకు కావాల్సింది మొట్టమొదటి తప్పు. ఒక చోట కెర్నల్ తడబడితే దాని వెనకే ఇంకో నాలుగు చోట్ల పడుతుంది. చివరిది చూసి మందేస్తే రోగం తగ్గదు.

అందుకు రెండు దారులున్నాయి. మొదటిది నెట్‌కన్సోల్. సర్వర్ తన కెర్నల్ మెసేజ్‌లను మామూలు ల్యాన్ ద్వారా ఇంకో కంప్యూటర్‌కు అప్పటికప్పుడు పంపేస్తుంది. సర్వర్ చచ్చిపోయినా చివరి మాటలు అవతల ఉంటాయి. రెండోది కేడంప్. దీనికోసం ర్యామ్‌లో కొంత భాగం, ఉదాహరణకు 256 ఎంబీ, ముందే పక్కన పెడతారు. క్రాష్ కాగానే అక్కడి నుంచి ఇంకో చిన్న కెర్నల్ లేచి పాతదాని మెమరీని ఫైలుగా దాస్తుంది.

నేను రెండూ పెట్టాను. పాత ల్యాప్‌టాప్ ఒకటి నెట్‌కన్సోల్ వినడానికి కూర్చుంది.

మెసేజ్ రకాన్ని కూడా గమనించాలి. ఊప్స్ అంటే కెర్నల్ తప్పు చేసి పట్టుబడింది, సిస్టమ్ కొంతసేపు నడవొచ్చు. ప్యానిక్ అంటే ఇక ముందుకు పోలేనని ఆగిపోయింది. సాఫ్ట్ లాకప్ అంటే ఒక సీపీయూ ఇరవై సెకన్లకు పైగా ఒకే పనిలో ఇరుక్కుంది. హంగ్ టాస్క్ అంటే ఒక పని 120 సెకన్లుగా కదలడం లేదు. చివరిది కనిపిస్తే ముందు డిస్కునే అనుమానించండి.

రెండో పని: సగానికి విడగొట్టడం

ఈ సెటప్‌లో నాలుగు అనుమానితులు: ర్యామ్, ఫైబర్ లింక్, కెర్నల్, వెనకున్న డిస్కులు. అన్నీ ఒకేసారి మారిస్తే తప్పెవరిదో ఎప్పటికీ తెలియదు.

ర్యామ్: ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపాను, తప్పు రాలేదు. ఇక్కడ ఒక గుర్తు ఉంది. ప్రతిసారీ వేరే వేరే చోట క్రాష్ అవుతుంటే ర్యామ్ మీద అనుమానం పెట్టండి. ప్రతిసారీ ఒకే ఫంక్షన్ పేరు దగ్గర పడుతుంటే సాఫ్ట్‌వేర్‌ను చూడండి. మూడు ఫొటోల్లోనూ ఒకే పేరు కనిపించింది.

లింక్: లినక్స్‌లో ప్రతి ఫైబర్ పోర్టుకూ లెక్కల పట్టిక ఉంటుంది. సీఆర్‌సీ తప్పులు ఎన్ని, లింక్ ఎన్నిసార్లు పడిపోయింది, సింక్ ఎన్నిసార్లు పోయింది అన్నీ అందులో ఉంటాయి. ఒకసారి చూసి ఊరుకోకూడదు, గంట తర్వాత మళ్లీ చూడాలి. పెరుగుతుంటేనే తప్పు. పెరుగుతుంటే కేబుల్ కనెక్టర్ మీద దుమ్ము, గట్టిగా మడిచిన కేబుల్, పాత మాడ్యూల్ ఈ మూడూ చూడండి. మాకు అంకెలు కదల్లేదు.

డిస్కులు: ఎల్ఐఓలో ర్యామ్‌నే డిస్కుగా చూపించే వీలుంది. కొన్ని జీబీలు అలా ఇచ్చి, ఎడిటింగ్ సిస్టమ్ నుంచి రాత్రంతా రాయించి చదివించాను. ఒక్కసారి కూడా పడలేదు. అంటే కార్డు, కేబుల్, మామూలు రాకపోకలు బాగున్నట్టే.

ఇక్కడే నేను తప్పటడుగు వేయబోయాను. "డిస్కులే పాడు, కెర్నల్ మంచిదే" అనుకున్నాను. కానీ డిస్క్ పాడైతే రావాల్సింది రీడ్ ఎర్రర్. సర్వర్ మొత్తం ఎందుకు కూలాలి?

జవాబు నెట్‌కన్సోల్‌లో దొరికింది

మరుసటి రాత్రి పాత సెటప్‌కే మార్చి, పెద్ద ఫైళ్లు కాపీకి పెట్టాం. క్రాష్ వచ్చింది. ఈసారి కథ మొదటి నుంచీ ల్యాప్‌టాప్‌లో ఉంది.

మొదట నాలుగు డిస్కుల్లో ఒకటి జవాబివ్వడం మానేసింది. కెర్నల్ దాని లింక్‌ను రీసెట్ చేసి మళ్లీ అడిగింది. మళ్లీ మౌనం. నిమిషం దాటింది. ఆ తర్వాత ఎడిటింగ్ సిస్టమ్ నుంచి లన్ రీసెట్ వచ్చింది. వెంటనే ఊప్స్, ఆ వెనకే ప్యానిక్. ఊప్స్‌లో ఉన్నది రీసెట్‌ను చూసుకునే ఫంక్షన్ పేరే.

ఎందుకిలా అంటే, డెస్క్‌టాప్ హార్డ్ డిస్కుకు పాడైన సెక్టార్ తగిలితే పట్టువదలదు. ఎలాగైనా చదవాలని నిమిషానికి పైగా ప్రయత్నిస్తూనే ఉండొచ్చు. నాస్, సర్వర్ల కోసం చేసిన డిస్కులు మామూలుగా ఏడు సెకన్లలో "నా వల్ల కాదు" అని చెప్పేస్తాయి. అప్పుడు రెయిడ్ పక్క డిస్క్ నుంచి తెచ్చుకుంటుంది. అవతల ఎడిటింగ్ సిస్టమ్‌కూ ఓపిక లెక్క ఉంది. విండోస్‌లో మామూలుగా 60 సెకన్లు, లినక్స్‌లో 30. అది దాటగానే "ఆ పనులన్నీ వదిలెయ్, మళ్లీ మొదలుపెడదాం" అని టార్గెట్‌కు చెబుతుంది.

కెర్నల్ పడింది ఆ క్షణంలోనే. పెళ్లి బంతిలో ఒకతను వడ్డిస్తూ వస్తున్నాడు, ఇంకొకతను తినడం అయిపోయిన విస్తళ్లు ఎత్తుతున్నాడు అనుకోండి. ఇద్దరికీ మాట లేకపోతే, విస్తరి ఎత్తేసిన చోట సాంబారు పోసేస్తారు. ఇక్కడా అంతే. రీసెట్ చేసే భాగం ఒక కమాండ్‌ను రద్దు చేసి దాని మెమరీ ఖాళీ చేసింది. సరిగ్గా అప్పుడే డిస్క్ నుంచి ఆలస్యంగా వచ్చిన జవాబు అదే మెమరీని ముట్టుకుంది. అది ఇప్పుడు ఎవరిదో తెలియదు. కెర్నల్‌లో ఇలాంటి పొరపాటుకు క్షమాపణ లేదు.

ర్యామ్ డిస్కుతో పరీక్షిస్తే ఎందుకు పడలేదో ఇప్పుడు అర్థమైంది కదా. ర్యామ్ ఎప్పుడూ ఆలస్యం చేయదు, రీసెట్ రాదు, ఆ దారిలోకి కెర్నల్ అడుగే పెట్టదు. పాడైన డిస్క్ నిప్పు పెట్టింది, కెర్నల్‌లో ఎండుగడ్డి ముందే ఉంది. సర్వర్‌లో ఉన్నది 3.10 సిరీస్ కెర్నల్. ఆ తర్వాతి ఏళ్లలో ఎల్ఐఓలో ఈ అబార్ట్, రీసెట్ దారిని చాలాసార్లు దిద్దారు.

మేం ఏం మార్చాం

ఒకటి, స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కులన్నీ చూశాం. ఒకదానిలో పెండింగ్ సెక్టార్లు ఉన్నాయి, అది మార్చేశాం. మిగతా వాటిలో ఎస్‌సీటీ ఈఆర్‌సీ అనే టైమర్‌ను ఏడు సెకన్లకు పెట్టాం. కరెంట్ పోయి వస్తే చాలా డిస్కులు ఈ సెట్టింగ్ మర్చిపోతాయి, అందుకే సర్వర్ ఆన్ అయిన ప్రతిసారీ పెట్టేలా స్క్రిప్ట్ రాశాం. కొన్ని డెస్క్‌టాప్ డిస్కులకు ఈ టైమర్ ఉండదు. వాటికి లినక్స్ వైపు టైమవుట్‌ను 180 సెకన్లకు పెంచుతారు. కానీ అప్పుడు అవతలి సిస్టమ్ ఓపిక ముందే అయిపోతుంది. ఇలాంటి సెటప్‌లో ఆ డిస్కులు వాడకపోవడమే మేలు.

రెండు, కెర్నల్‌ను 6.1 సిరీస్‌కు మార్చాం. ముందు టెస్ట్ లన్ మీద చూసి, తర్వాతే అసలు డేటా ఇచ్చాం.

మూడు, రైట్ బ్యాక్ ఆపేశాం. పోయిన నాలుగు నిమిషాల రహస్యం ఇదే. ఎల్ఐఓలో ఫైలును డిస్కుగా ఇస్తే, అవతలి నుంచి వచ్చిన డేటాను ముందు ర్యామ్‌లో పెట్టి "రాసేశాను" అని చెప్పేస్తుంది. లినక్స్ మామూలు సెట్టింగ్‌లో అందుబాటులో ఉన్న ర్యామ్‌లో 20 శాతం వరకూ ఇలా పేరుకోవచ్చు. 32 జీబీలో అది ఐదారు జీబీ. డిస్క్ ఇరుక్కుని ఉన్నప్పుడు అదంతా ర్యామ్‌లోనే ఉంది, సర్వర్ పడగానే దాంతోపాటే పోయింది. ఇప్పుడు రాసే వేగం కొంత తగ్గింది, కానీ "రాశాను" అంటే నిజంగా రాసినట్టే. కరెంట్ కోతలకు యూపీఎస్ కూడా పెట్టాం.

నాలుగు, ఒక ప్రయోగం గురించి చెప్పాలి. వీఎంవేర్ సర్వర్లకు ఇలా లన్ ఇచ్చేవాళ్లు క్రాష్ వస్తే ఎక్స్‌కాపీ, కంపేర్ అండ్ రైట్ అనే ప్రత్యేక కమాండ్ల ఎమ్యులేషన్ ఆపి చూస్తారు. కారణం వెతకడానికి మంచి పద్ధతే. మా ఊప్స్‌లో వాటి పేర్లు లేవు కాబట్టి మేం ముట్టుకోలేదు. కంపేర్ అండ్ రైట్‌ను లాకుల కోసం వాడుతున్న చోట అడక్కుండా ఆపితే కొత్త చిక్కులొస్తాయి.

ఫోన్ వాడేవాళ్లకు ఇందులో ఏముంది?

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ లినక్స్ కెర్నలే ఉంది. ఫైల్ మేనేజర్‌లో కనిపించే ఇంటర్నల్ స్టోరేజ్ అసలు దారి పేరులో "ఎమ్యులేటెడ్" అనే మాట ఉంటుంది, గమనించండి. అక్కడా ఒక నటన ఉంది. ఫోన్ ఊరికే రీస్టార్ట్ అవుతుంటే, చాలా ఫోన్లలో చివరి కెర్నల్ మెసేజ్‌లు ర్యామ్‌లో ఒక మూల దాగి ఉంటాయి. డెవలపర్ ఆప్షన్స్‌లో బగ్ రిపోర్ట్ తీస్తే అవి అందులో రావొచ్చు. సర్వీస్ సెంటర్‌కు వెళ్లే ముందు అది తీసి పెట్టుకోండి. ఫ్యాక్టరీ రీసెట్ చేశాక సాక్ష్యం మిగలదు.

ఇప్పుడు సర్వర్ రెండు ముహూర్తాల సీజన్లు దాటింది, మళ్లీ పడలేదు. మావాడి గోడ మీద మాత్రం ఒక కాగితం అంటించి ఉంది: రెండు చోట్ల కాపీ అయి, చివరి నిమిషం ప్లే చేసి చూశాకే కార్డు ఫార్మాట్.

ఆ అప్పగింతల వీడియో పూర్తిగా తిరిగి రాలేదు. పెళ్లికూతురి మేనమామ తన ఫోన్‌లో తీసుకున్న రెండున్నర నిమిషాలు ఇచ్చాడు. చెయ్యి వణికింది, పక్కన ఎవరో ఏడుస్తున్నది వినిపిస్తోంది. మావాడు దాన్ని ఏమీ కత్తిరించకుండా అలాగే చివర్లో కలిపాడు. ఆ కుటుంబం డబ్బు మొత్తం ఇవ్వబోతే వాడే సగం తిరిగిచ్చాడు.